నలుగురు ఓబులమ్మలు

నమోదు 1

ఈ మైదానమంతా సోలార్ పలకలు పరిచే ముందు మాకొక మాట ఇచ్చారు. "పైన పడే ఎండ మాది, కింద పడే నీడ మీది. నీడను ఎవరూ కొలవరు." ఆ మాట ఇచ్చిన పెద్దమనిషి పేరు గుర్తులేదు. తెల్ల చొక్కా, మైకు, వెనక గొడుగు పట్టుకున్న బంట్రోతు మాత్రం గుర్తున్నారు. అప్పటికే నేను లోకంలో అచ్చయిన హక్కుల ప్రకటనలన్నీ చదివేశానని పేరు. అంత చదివినవాడు లేచి, ఆ మాటేదో రాసి ఇవ్వండి అని అడగాలి. నేను లేచాను గాని, సభ అయ్యాక పెట్టే ఉగ్గాని, బజ్జీల వరసలో ముందు నిలబడటానికి లేచాను.

ఇప్పుడు నీడను కొలుస్తున్నారు.

ఊరంతా పలకల కిందే ఉంటుంది. పలకలు పొద్దుతో పాటు మొహం తిప్పుతాయి, నీడ పలకలతో పాటు జరుగుతుంది, నా మంచం నీడతో పాటు జరుగుతుంది. తెల్లవారగానే తుడుపు ఆడవాళ్ళు పైకెక్కి పొడుగాటి బ్రష్షులతో దుమ్ము కడుగుతారు. సందుల్లోంచి కారే నీళ్ళకు ఎవరి గుడిసె ముందు వాళ్ళు బిందెలు పెట్టుకుంటారు. వాటిలో ఏదో మందు కలుపుతారు కనుక తాగడానికి పనికిరావు. గిన్నెలకు, గోడ మీద చల్లడానికి చాలు. నడి వరుసల్లో ఉన్నవాళ్ళకు పగలంతా చిక్కటి నీడ. అంచు వరుసలో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం నుంచి ఎండ తిన్నగా పొయ్యి మీద పడుతుంది. ఇంకో నిప్పు అక్కర్లేదు.

ఈ నమోదు నా సరదా కొద్దీ రాస్తున్నది కాదు. కొత్త సమానత్వ విధానంలో ప్రతి సంఘం కార్యదర్శీ ఇలా రాసి పెట్టాలని ఉంది. వీటిని ఎవరూ చదవరని అంటున్నారు. ఇన్నేళ్ళూ నేను రాసిన మిగతావాటికీ అదే గతి పట్టింది కనుక కొత్తగా నొచ్చుకునేదేమీ లేదు.

మా సంఘం పేరు మైదాన హక్కుల సంఘం. సభ్యులం నలుగురం. కార్యదర్శిని నేను, కుళ్ళాయప్పను. అధ్యక్షుడు మద్దిలేటి. కంపెనీలో లైన్ మేస్త్రీగా పనిచేసి దిగిపోయాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడు; ఇప్పటికీ పంచె కుచ్చిళ్ళు పట్టుకుని నడిచే తీరులో అది తెలుస్తుంది. మూడో సభ్యురాలు షంషాద్‌బీ. టీ అంగడి ఆమెది, సమావేశాలు ఆ అంగడిలోనే. నాలుగో మనిషి ఓబులమ్మ. చాలా ఏళ్ళు పైన పలకలు కడిగింది. ఒకసారి మందు నీళ్ళు చిమ్మి ఎడమ కన్ను పోయింది. కంపెనీ ఆమెను కిందికి దింపి, పలకల మీద రాసే నినాదాలు దిద్దే పని ఇస్తామంది. తనకు చదువు రాదని ఆమె చెప్పిన తర్వాత ఆ పని కూడా ఇవ్వలేదు.

ఒకప్పుడు ఈ సంఘం సమావేశం పెడితే షామియానా వేయాల్సి వచ్చేది. జనం ఎందుకు తగ్గారని మద్దిలేటిని అడిగితే, నా ఉపన్యాసాల వైపు చెయ్యి చూపిస్తాడు.

నమోదు 2

ఇవాళ తూనిక వచ్చింది.

బోర్లించిన స్టీలు గ్లాసులాగా ఉంటుంది. షంషాద్‌బీ అంగడి దూలానికి తగిలించి పోయారు. సంఘంలో ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎవరి మాటకు ఎవరు అడ్డం వచ్చారు అన్నది అది వింటూ ఉంటుంది. అందరూ ఒకరికొకరు తీసిపోకుండా మాట్లాడితే 'సమం' అంటుంది. లేకపోతే 'వాలు' అంటుంది. మూడోసారి వాలిన సంఘానికి గుర్తింపు పోతుంది. గుర్తింపు లేని సంఘం ఎవరి తరఫునా విచారణకు వెళ్ళకూడదు.

ఉద్దేశం మంచిదే. సమానత్వం గురించి మాట్లాడే సంఘాల్లోనే ఒక్కడు మాట్లాడుతూ ఉంటాడని, ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ ఉంటారని ఎవరో పరిశోధించి తేల్చారు. ఆ పరిశోధన గురించి నేను ఈ రోజు సమావేశంలో వివరంగా చెప్పాను. చరిత్ర కూడా కొంత కలిపాను. గ్రీకుల దగ్గర మొదలుపెట్టి మన దాకా రావడానికి టీ రెండు దఫాలు పట్టింది.

నేను ముగించగానే పైనుంచి ఒక మర్యాదైన ఆడగొంతు వినిపించింది. "గౌరవ సభ్యులకు నమస్కారం. నేటి సమావేశంలో నాలుగింట మూడు వంతులు కుళ్ళాయప్ప గారే మాట్లాడారు. సంఘం వాలింది."

"ఈ మాట చెప్పనీకి మిషను రావాల్సొచ్చెనే," అన్నాడు మద్దిలేటి. "ఇన్నేండ్లుగా నేను అదే చెప్తాండా."

"ఎప్పుడు చెప్పినావు నువ్వు?"

"నువ్వు చెప్పనిస్తే కదప్పా."

షంషాద్‌బీ తూనిక వైపు తల ఎత్తి చూసింది. "కుళ్ళాయన్నా, ఈ గ్లాసు అంగడికి వచ్చి రోజు కాలేదు, నీ సంగతి అప్పుడే పట్టేసిండాది."

తూనిక లెక్కలో ఓబులమ్మ వంతు మొత్తం ఒక్క తుమ్ము.

ఊళ్ళో మిగతా సంఘాలు ఈ చిక్కును సులువుగా దాటేశాయి. బృందగానానికి తూనిక ఎప్పుడూ 'సమం' అంటుందని వాళ్ళు కనిపెట్టారు. అందరూ కలిసి ఒకే మాట ఒకే కాలంపాటు పాడితే ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు. ఇప్పుడు మహిళా మండలి భజన చేస్తోంది, యువజన సంఘం భజన చేస్తోంది, వినియోగదారుల సంఘం తాళాలు కొనుక్కుంది. అందరికీ గుర్తింపు ఉంది. అడగాల్సినదాన్ని మాత్రం ఎవరూ అడగడం లేదు.

నమోదు 3

ఇందులో మద్దిలేటి గురించి నాలుగు తిట్లు తప్ప ఏమీ లేదని తిరగ చదివితే తెలిసింది. తీసేశాను. తిట్లలో ఒకటి మాత్రం బాగా కుదిరింది, ఎక్కడైనా వాడుకోవాలి.

నమోదు 4

ఈ వేసవికి అంచు వరుస వంతు ఎవరిదో చాటింపు బండి చెప్పుకుంటూ పోయింది. పేర్లలో ఓబులమ్మ పేరు ఉంది.

విధానం ప్రకారం ప్రతి ఇల్లూ వంతుల వారీగా ఒక వేసవి అంచు వరుసలో ఉండాలి. కులమని, మతమని, కంపెనీ మేనేజరని తేడా లేదు. ఈ నియమం కోసం కొట్లాడినవాళ్ళలో మేమూ ఉన్నాం. అంతకు ముందు అంచు వరుస ఎవరిదో ఎవరూ అడగనక్కర్లేదు, పుట్టుకతోనే తెలిసేది. ఈ నియమం వచ్చిన రోజు నేను గంటన్నర మాట్లాడాను. ఆనందంతో అని నా ఉద్దేశం.

కాని ఓబులమ్మ కుడికన్ను పొర పలచబడిందని, ఒక్క వేసవి ఆ ఎండకు, అంచు పొడవునా పరిచిన తెల్ల గులకరాళ్ళ మీంచి లేచే మెరుపుకు ఎదురుగా ఉంటే అది కూడా పోతుందని ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. ఉన్నది ఆ కన్ను ఒక్కటే.

మినహాయింపు అడగవచ్చు. ఎవరిది వాళ్ళు అడక్కూడదు. అలా అడగనిస్తే గొంతు పెద్దదైనవాడికే దొరుకుతుందని విధానం భయం. గుర్తింపు ఉన్న సంఘం అడగాలి, దాని సభ్యులందరూ సమానంగా మాట్లాడాలి. అంటే మేమే అడగాలి, అదీ ఇంకో రెండుసార్లు వాలకుండా.

మా చేతిలో ఇంకో విన్నపం కూడా ఉంది. పైన కడిగే ఆడవాళ్ళకు నల్లద్దాలు ఇవ్వాలని. దాని విచారణ వేసవి దాటాక. ఓబులమ్మ కన్ను పోయినప్పటి నుంచి ఆ మాట ఎత్తింది మా సంఘం ఒక్కటే.

"భయపడొద్దు ఓబులమ్మా," అన్నాను. "నీ తరఫున నేను మాట్లాడతాను."

"అదే సామీ భయం," అంది ఓబులమ్మ.

నమోదు 5

మా సంఘంలో ఒక పాత పద్ధతి ఉంది. బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషి బల్ల మీద కూర్చోవాలి, మిగతావాళ్ళం నేల మీద కూర్చోవాలి. 'అయిపోయింది' అని ఆ మనిషి అనేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. నేను నోరు మూసుకునే సందర్భం ఇదొక్కటే కనుక పాత సభ్యులు ఈ పద్ధతిని చాలా ఇష్టపడేవారు. కొందరు లేని బాధలు కూడా తెచ్చి చెప్పేవారని మద్దిలేటి అంటాడు.

ఇవాళ ఓబులమ్మ బల్ల మీద కూర్చుంది. పలకల మీద మొదటిసారి ఎక్కిన రోజు నుంచి చెప్పింది. కింద మబ్బులు కనబడేవట, కడిగిన పలకల్లో. "ఆకాశం మింద నిలబడి కసువు ఊడ్చినట్లుండేది సామీ," అంది. కన్ను పోయిన రోజు గురించి చెప్పింది. మంట పుట్టగానే కడగడానికి చేతిలో ఉన్నవి మళ్ళీ ఆ మందు నీళ్ళేనట, వాటితోనే కడుక్కుందట. మేస్త్రీ దిగిరమ్మన్నాడట గాని, వరుస మధ్యలో వదిలేస్తే రేపు మరకలు పడతాయని వరుస పూర్తి చేసి దిగిందట. ఈ మేస్త్రీ ఎవరని నేను అడగబోయి, నేల మీద కూర్చున్నానని గుర్తొచ్చి ఆగాను. మద్దిలేటి తలకాయ వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు కనుక అడగాల్సిన అవసరం కూడా తీరింది.

"ఉన్న కన్నుతో నేనేమీ పెద్దగా చూసేది లేదు," అంది చివర్లో. "బిందె నిండిందో లేదో చూసుకుంటా. బియ్యంలో రాయి చూసుకుంటా. ఎదురొచ్చేది మనిషో, మేకో చూసుకుంటా. అంతే. అది చాలు నాకు. అయిపోయింది."

షంషాద్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఇంత మంచి సమావేశం జరగలేదని నాకనిపించింది. నేను ఒక్క మాట కూడా మాట్లాడని సమావేశం అది.

"గౌరవ సభ్యులకు నమస్కారం," అంది తూనిక. "నేటి సమావేశంలో మాటలన్నీ ఓబులమ్మ గారే మాట్లాడారు. మిగతా సభ్యులకు అవకాశం లేకపోయింది. సంఘం రెండోసారి వాలింది."

నమోదు 6

తూనికకు 'అభ్యాసం' అని ముందే చెబితే లెక్కలోకి తీసుకోదు. తప్పులు మాత్రం చెబుతుంది. నిన్నటి నుంచి అభ్యాసం చేస్తున్నాం.

ఓబులమ్మ బాధను నాలుగు భాగాలు చేసి నలుగురం చెబుదామన్నాను. మొదటి భాగం నేను తీసుకున్నాను. "మా సభ్యురాలు ఓబులమ్మ పలకలు కడిగే పనిలో చేరిన నాటికి," అని మొదలుపెట్టానో లేదో పైనుంచి గొంతు. "కుళ్ళాయప్ప గారు ఎదురుగా ఉన్న సభ్యురాలి నోటి మాటను లాక్కుంటున్నారు." షంషాద్‌బీ ప్రయత్నించింది. "ఓబులక్కకు కన్ను," అనగానే అదే మాట. ఇంకొకరి బాధను వాళ్ళ ముందే మనం చెప్పడం పెత్తనమట. ఆలోచిస్తే అది నిజమే. నా జీవితంలో సగం ఆ పెత్తనమే. మిగతా సగం దాని మీద వ్యాసాలు.

"అయితే ఆమెనే చెప్పనీ," అన్నాడు మద్దిలేటి.

"ఆమె చెప్తే వాలు. మనం చెప్తే పెత్తనం. ఇంకేం చేద్దాం, తాళాలు కొందామా?"

"నీ మాదిరి చెప్తే ఎవురు చెప్పినా పెత్తనమే," అన్నాడు. లేచి తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. ఎడమ కన్ను మూశాడు. నడుం కొంచెం వంచి, చెయ్యి మోకాలి మీద పెట్టి, అచ్చం ఓబులమ్మ కూర్చున్నట్టు బల్ల మీద కూర్చున్నాడు. నన్ను వెక్కిరించడానికే చేశాడని నాకు తెలుసు. "నేను పైకెక్కిన దినం ఆకాశం మింద నిలబడి కసువు ఊడ్చినట్లుండేది సామీ," అన్నాడు. గొంతు ఆమెదే. చెయ్యి తిప్పిన తీరు ఆమెదే. టీ తాగడానికి వచ్చిన ఒకతను గ్లాసు దించి చూశాడు.

"మద్దిలేటి గారు తమ బాధ తాము చెప్పుకుంటున్నారు," అంది తూనిక. "దోషం లేదు."

నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు నా బుర్రలో మెరిసిన ఆలోచనకు నేను చాలా గర్వపడ్డాను. బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకున్నట్టు, నలుగురం ఒకే కథ అందుకుంటూ చెబుతాం. నలుగురం 'నేను' అనే చెబుతాం. నలుగురం ఓబులమ్మలమే. ఇందులోని తత్వం గురించి కూడా కొంత చెప్పాను. పరుల బాధను తన బాధగా అనుభవించడమే నాగరికతకు పరాకాష్ఠ అని, ఇంకా అలాంటివి.

"తత్వం తర్వాత," అంది షంషాద్‌బీ. "ముందు నీకు ఒంటి కన్ను మూసేది వస్తాదో రాదో చూడన్నా."

రాలేదు. నేను ఒకటి మూస్తే రెండోది కూడా మూసుకుపోతుంది.

నమోదు 7

అభ్యాసం సాగుతోంది. తీసిపోయేది నేనొక్కణ్ణే.

"నాకు కన్ను పోయిన సందర్భంలో నేను అనుభవించిన వేదన వర్ణనాతీతం," అన్నాను ఇవాళ.

"నేను ఎప్పుడన్నా అట్ల మాట్లాడినానా సామీ?" అని ఓబులమ్మ అడిగింది.

"భావం అదే కదా."

"భావం నీకాడే పెట్టుకో. మంట పుట్టింది అను."

"మంట పుట్టింది."

"ఎవురికో పుట్టినట్ల చెప్తాండావు. నీకు పుట్టినట్ల చెప్పు."

షంషాద్‌బీ పాలగిన్నె దించుతూ, "మంట కావాలంటే ఇట్ల రా అన్నా, పొయ్యికాడికి," అంది.

మద్దిలేటి మాత్రం వేషం వేసినప్పుడల్లా ఇంకో అడుగు లోపలికి పోతున్నాడు. వరుస పూర్తి చేసి దిగిన భాగం తనకే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు. ఆ భాగం వచ్చినప్పుడల్లా అతని గొంతు మారుతుంది. నాటకం అనుకుని మొదట నేను పట్టించుకోలేదు. ఓబులమ్మ కూడా పట్టించుకోనట్టే కూర్చుంటుంది. ఒకసారి మాత్రం, "ఇంగ చాల్లే అన్నా, మనిషివి కాలిపోతావు," అంది.

సాయంత్రానికి తూనిక 'సమం' అంది. లోపం లేదంది. షంషాద్‌బీ అందరికీ పాలు ఎక్కువ వేసి టీ ఇచ్చింది. గెలిచిన సంఘం మాదిరిగా తాగాం.

నమోదు 8

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సమానత్వ కార్యాలయం నడి వరుసల మధ్యలో ఉంటుంది. ఏసీ చలికి ఓబులమ్మ కొంగు కప్పుకుంది. కమిషనర్ పేరు హరిణి. ముప్పై దాటి ఉండదు. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. ఈ వయసులో దానికి కూడా పడిపోతాను. పక్కన బల్ల మీద పెద్ద తూనిక.

మొదలుపెట్టాం. నేను చెప్పాను, షంషాద్‌బీ అందుకుంది, ఓబులమ్మ అందుకుంది, మద్దిలేటి అందుకున్నాడు. నాలుగు గొంతులు, ఒకే 'నేను'. నాకు కూడా ఇవాళ మంట నిజంగానే పుట్టింది. మద్దిలేటి వరుస పూర్తి చేసి దిగేసరికి కమిషనర్ కలం పక్కన పెట్టి వింటోంది. చివరి మాట ఓబులమ్మది. బిందె, బియ్యం, ఎదురొచ్చే మేక. "అది చాలు నాకు," అంది.

తూనిక తన మర్యాదైన గొంతుతో తీర్పు చదివింది. "విన్నపదారులు నలుగురూ సమానంగా మాట్లాడారు. నలుగురి బాధా ఒక్కటే. నలుగురి మధ్య అసమానత లేదు. అసమానత లేనిచోట మినహాయింపుకు ఆస్కారం లేదు. సమానత్వం నిలబడటానికి నలుగురికీ ఈ వేసవి అంచు వరుస కేటాయించడమైనది. సంఘం సమంగా ఉంది. అభినందనలు."

నలుగురం కలిపి ఏడు కళ్ళతో దాన్ని చూస్తూ కూర్చున్నాం.

కమిషనర్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమెకు అర్థమైంది. "అమ్మా," అని ఓబులమ్మతో మెల్లగా అంది. "తూనిక చెప్పింది నేను మార్చాలంటే ఒక్కటే దారి ఉంది. విన్నపంలో తప్పు ఉందని తేలాలి. ఈ నలుగురిలో కన్ను పోయేది నిజంగా ఎవరికి? మీ ఒక్కరికే అని మీ నోటితో చెబితే ఈ క్షణమే మీకు మినహాయింపు రాస్తాను."

"మిగతా వాళ్ళకో మేడమ్?"

"వాళ్ళు అబద్ధం చెప్పినట్టవుతుంది. వాళ్ళకు శిక్ష ఏమీ ఉండదు. సంఘం గుర్తింపు మాత్రం పోతుంది."

నేను లేచాను. ఇన్నేళ్ళుగా అక్కర్లేని ప్రతిచోటా మాట్లాడినవాణ్ణి, అక్కరపడిన చోట లేచాను. "ఆమె ఒక్కదానికే," అన్నాను. "మేం ముగ్గురం ఆడినది నాటకం. నాకు రెండు కళ్ళూ బాగున్నాయి, చూడండి, మద్దిలేటికీ బాగున్నాయి..."

"కుళ్ళాయప్ప గారి వంతు పూర్తయింది," అంది తూనిక. "వంతు దాటిన మాట లెక్కలోకి రాదు."

"రానీ, రాకపోనీ, వినండి..."

"గమ్మునుండు సామీ," అంది ఓబులమ్మ. "అడిగింది నన్ను."

నేను కూర్చున్నాను. మా పాత పద్ధతి అది. అయిపోయింది అనేదాకా నోరు తెరవకూడదు.

ఓబులమ్మ కమిషనర్ని చూసింది. తర్వాత తల తిప్పి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది, ఆ ఒక్క కన్నుతో, బియ్యంలో రాయి వెతికినంత నిదానంగా. మద్దిలేటి దగ్గర కాసేపు ఆగింది. మద్దిలేటి తల ఊపుతూనే ఉన్నాడు, చెప్పు, చెప్పు అని పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

"నలుగురికీ పోతాది మేడమ్," అంది. "అయిపోయింది."

బయటికి వచ్చాక నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ రాయను. పిచ్చిదానా అన్నాను. నీ కన్ను నీ ఒక్కదాని సొత్తా అని కూడా అన్నాను, దానికి అర్థం ఏమిటో నాకు తెలియదు.

అంతా అయ్యేదాకా ఆగి ఓబులమ్మ అంది. "పైన కడిగే పిల్లోళ్ళకి ఇంకా రెండ్రెండు కండ్లుండాయి సామీ. సంఘం పోతే వాళ్ళ నల్లద్దాల సంగతి ఎవురు అడుగుతారు? నీ వినియోగదారుల భజనోళ్ళా?"

షంషాద్‌బీ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమెను ఇంకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన అవసరమేమీ రాలేదు.

నమోదు 9

నలుగురం అంచు వరుసకు వచ్చాం.

ఏ వరుసో విధానం చెబుతుంది గాని వరుసలో ఎవరి గుడిసె ఎటువైపు ఉండాలో చెప్పదు. మద్దిలేటి పాత మేస్త్రీ కదా, నేల మీద గీతలు గీసి చూపించాడు. ఓబులమ్మ గుడిసె లోపలి వైపు. దానికి పడమట ఒకదాని పక్కన ఒకటి మా మూడు గుడిసెలు. పొద్దు వాలేకొద్దీ మా గోడల నీడ ఆమె గుమ్మం మీద పడాలి. షంషాద్‌బీ అంగడి రేకులు కూడా పీకి తెచ్చి నిలబెట్టింది. ఇప్పుడు టీ కాచేది ఎండలోనే; పొయ్యి ఎక్కువ సేపు మండించాల్సిన పని లేదని అంటోంది.

నా పడమటి గోడకు పుస్తకాలు పేర్చాను. చూరు దాకా వచ్చాయి. ప్రకటనలు, ఒడంబడికలు, వాటి మీద వ్యాఖ్యానాలు, వ్యాఖ్యానాల మీద నేను రాసిన విమర్శలు. ఎండకు అట్టలు వంకర పోతున్నాయి. నేను చదివినదాని వల్ల ఇంకో మనిషి మీద నీడ పడటం ఇదే మొదటిసారి.

"బాగుండాదే నీ గ్రంథాలయం," అన్నాడు మద్దిలేటి. "ఇంకో రెండు రాసింటే కిటికీ కూడా మూసుకుపోయేది."

నమోదు 10

వేసవి నడిమికి వచ్చింది. పడమటి ఎండను ఆపగలిగాం. గులకరాళ్ళ మెరుపును ఆపలేకపోయాం. అది ఒక దిక్కు నుంచి రాదు. తడిపిన గోనెపట్టాలు పరిచాం, అవి ఆరేలోగా మళ్ళీ తడిపాం. ఓబులమ్మను తలుపు వేసుకుని లోపలే ఉండమంటే, రేకు గుడిసెలో ఉడికి చావమంటావా అంటుంది. అదీ నిజమే.

ఈ పొద్దున తుడుపు ఆడవాళ్ళు పైకి రాగానే ఓబులమ్మ బిందె తెచ్చి పెట్టుకుంది. నీటి ధారకు జానెడు ఇవతల పెట్టింది. నీళ్ళు నేల మీద పడుతున్నాయి. ఆమె బిందె పక్కనే గొంతుకూర్చుని, నిండే చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

నేను చూశాను. మద్దిలేటి తన గుమ్మంలోంచి చూశాడు. ఇద్దరం కదల్లేదు. కాసేపటికి ఆమె చెయ్యి చాపి ధారను తడిమి పట్టుకుంది, బిందెను దాని కిందికి జరుపుకుంది, మళ్ళీ కూర్చుంది. ఎవరైనా చూశారేమో అన్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. మేం ఇద్దరం ఎదురుగానే నిలబడి ఉన్నాం.

ఆ తర్వాత మద్దిలేటి గుడిసె వెనక్కి పోయి చాలాసేపు రాలేదు.

నమోదు 11

నల్లద్దాల విచారణ గెలిచాం. నలుగురం సమానంగా మాట్లాడాం. నేను నా వంతు దాటలేదు. తుడుపు ఆడవాళ్ళందరికీ అద్దాలు వచ్చాయి. ఇప్పుడు మా సంఘంలో చేరడానికి వాళ్ళలో చాలామంది వస్తున్నారు. షంషాద్‌బీ బల్లలు చాలడం లేదు. వచ్చినవాళ్ళు ముందు ఓబులమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే, "లెయ్యండి మేయ్, ఆడ సార్ మాట్లాడేది మొదలుపెడ్తాడు, యాడన్నా జాగా చూసుకోండి," అంటుంది.

ఇవాళ పొద్దున వాళ్ళు అద్దాలు పెట్టుకుని పైకెక్కారు. ఓబులమ్మ గుమ్మంలో కూర్చుని తల పైకెత్తింది.

"ఎట్లుండారు సామీ?"

"కప్పల మాదిరి ఉండారు."

నవ్వింది. ఇంకా ఏమేం కనబడుతోందో చెప్పమంది. చెప్పాను. ఎంతసేపైనా చెప్పవచ్చు, ఈ వంతుకు తూనిక లేదు. అయినా ఎందుకో త్వరగానే ఆపేశాను.

వయసు అయిపోయింది కనుక లెక్కలు తేల్చుకుంటున్నాను. నీడను కొలవం అన్న తెల్లచొక్కా మీద కోపం లేదు, వాడి పేరే గుర్తులేదు. కంపెనీ మీద ఉంది గాని దాని మీద కోపం ఈ మైదానం మీద కోపం లాంటిది, ఎక్కడ తన్నాలో తెలియదు. తూనిక తనకు నేర్పింది చేసింది. హరిణి తనకు చేతనైనది చేయబోయింది. పోయిన వారం ఎవరికీ చెప్పకుండా వచ్చి ఓబులమ్మ దగ్గర కూర్చుని పోయింది. కన్ను పోయిన రోజు ఆమెకు మేస్త్రీగా ఉన్న మద్దిలేటి మీద పెట్టుకున్న కోపమంతా ఆ బిందె దగ్గర ఖర్చయిపోయింది. నా మీద నాకు కోపం లేదా అంటే, అంత పుష్టికరమైన కోపాన్ని ఎవరికీ పంచకుండా రోజూ నేనే తింటున్నాను, అది వేరే సంగతి.

క్షమించలేనిది ఒక్క మనిషిని. ఒక్క మాట చెబితే చాలు అని అడిగితే చెప్పని మనిషిని. మా నాలుగు గొంతుల అబద్ధాన్ని పట్టుకుని దాన్ని నిజం చేసిన మనిషిని. సంఘం ఇంకోటి పెట్టుకోగలిగేవాళ్ళం, పేరు మార్చుకుని, తాళాలు వాయించుకుని, ఎలాగో. కన్ను ఇంకోటి ఎక్కడి నుంచి తెస్తాం? ఆ అద్దాలు పెట్టుకున్న ముప్పై మందిని చూపించి ఆమె చేసిందే సరైనదని నాకు చెప్పేవాళ్ళున్నారు. లెక్క సరిగ్గానే ఉంది. లెక్క సరిగ్గా ఉన్నందువల్ల నా కోపం తగ్గలేదు.

"ఏం రాస్తాండావు సామీ, ఇంతసేపు గమ్మునుండావు?" అని గోడ అవతల నుంచి ఇప్పుడే అడిగింది.

"ఇంకా ఎవరి మీద కోపం ఉందో రాస్తున్నా."

"బో పెద్ద జాబితా అయ్యింటాదే."

"లేదు. ఒక్కటే పేరు."

ఎవరిదని ఆమె అడగలేదు. గిన్నె తీసుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది, వేళ్ళతో తడుముకుంటూ. ఆ పేరు రాసి ముగిస్తున్నాను: బోయ ఓబులమ్మ.